ఒకవైపు తెల్ల కాగితాలు

జూన్ 3, మంగళవారం
వెనక: బస్సుల వేళలు

కొత్త డైరీ. అమ్మ నిన్న కుట్టి తెచ్చింది.

మా ఇంట్లో ఒకవైపు తెల్లగా ఉన్న కాగితాన్ని పారేయడం నేరం. పాత నోటీసులు, ప్రశ్నపత్రాలు, చదివేసిన ఉత్తరాలు అన్నీ తలుపు పక్కనున్న బుట్టలో పడాలి. బుట్ట నిండితే దాన్ని అమ్మ పనిచేసే బైండింగ్ షాపుకి మోసుకెళ్ళి ఆమె బల్ల మీద పెట్టడం నా వంతు. కోయడం, మడవడం, కుట్టడం, గుడ్డ అట్ట వేయడం అమ్మ వంతు. అందుకని నేను రాసే ప్రతి పేజీకి వెనక ఇంకెవరిదో అచ్చు ఉంటుంది. మామూలుగా ఆ వైపు చూడను. ఈ డైరీలో మాత్రం తేదీ కింద అదేమిటో కూడా రాద్దామనుకుంటున్నాను. "చూసింది రాయండి, అనుకున్నది తర్వాత" అన్నారు మా కాలేజీ మాస్టారు.

ఇవాళ చూసింది: షాపులో అమ్మకీ తాతయ్యకీ పాత గొడవ మళ్ళీ మొదలైంది. తాతయ్య షాపు యజమాని. చుట్టం కాదు. అమ్మ ఆయన్ని బాబాయ్ అంటుంది కాబట్టి నాకు తాతయ్య. కుట్టు చివరి ముడిని అమ్మ పుస్తకం లోపల, మడతలో వేస్తుంది. ఆయన బయట, వీపు మీద వేస్తారు.

"వీపున ముడి పొడుచుకుంటుంటే ఆ పుస్తకానికి నిద్రెలా పడుతుంది బాబాయ్?"

"కడుపులో ముడి పెట్టుకుంటే దానికి అజీర్తి చెయ్యదూ?"

"నా కళ్ళకి గంతలు కట్టండి. అట్ట వేసేశాక కూడా వేలితో తడిమి ఏది మీదో ఏది నాదో చెప్తా."

"చెప్తావులే. నీ వేళ్ళకి కళ్ళున్నాయి, నోటికే తాళం లేదు." తర్వాత నా వైపు తిరిగారు. "ఏమే నిఘంటువూ, నీ తీర్పేంటి?"

ఇద్దరిదీ సగం సగం నిజమన్నాను. ఇద్దరూ కలిసి నన్ను తిట్టారు.

జూన్ 9
వెనక: భూగోళం ప్రశ్నపత్రం, ఎవరో మూడో ప్రశ్న చుట్టూ సున్నా చుట్టారు

అమ్మకి ఎడమవైపు వాచింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, అంటే పదకొండేళ్ళ క్రితం, అమ్మకి ఎడమ రొమ్ములో క్యాన్సర్ వచ్చింది. తీసేసి, ఆ చోట సిలికాన్ తిత్తి ఒకటి అమర్చారు. అమ్మ దాన్ని "అద్దెకున్నావిడ" అంటుంది. మంచి మనిషి, చప్పుడు చెయ్యదు, నీళ్ళు కావాలని కూడా అడగదు అని మెచ్చుకునేది. ఇవాళ పొద్దున గుండీ పట్టక, "అద్దెకున్నావిడ గదులు పెంచుకుంటోందే" అంది.

"ఎప్పట్నుంచి?"

"రెండు వారాలు."

నేను కళ్ళు పెద్దవి చేశాను.

"సరేలే, రెండు నెలలు. కిందటేడు కూడా ఓసారి వాచి తగ్గింది. షాపులో పుస్తకాలు నొక్కే బిగింపు చెక్క తిప్పీ తిప్పీ నరం పట్టిందనుకున్నా. కళ్ళు అట్టా పెట్టకు, భయమేస్తుంది."

శుక్రవారం వెళ్దామన్నాను. పరీక్షల పుస్తకాల పని పీకలమీదుంది, వచ్చే శుక్రవారం అంది.

జూన్ 20, శుక్రవారం
వెనక: నీళ్ళు రాని రోజుల ప్రకటన

ఆసుపత్రి. డాక్టరమ్మ చిన్నావిడ, మాట మెత్తన. సూదితో నీరు తీసింది. పసుపచ్చటి నీరు, చిన్న గ్లాసుడు. ఇన్నేళ్ళ తర్వాత ఒక్కవైపే నీరు చేరితే ఊరికే వదిలేయకూడదనీ, పరీక్షకి పంపుతాననీ చెప్పింది. పాత కాగితాలు తిరగేసి, అమ్మకి పెట్టింది గరుకు రకం తిత్తి అంది.

"ఈ రకం పెట్టించుకున్నవాళ్ళందరికీ రెండేళ్ళ కిందట ఆసుపత్రి నుంచి ఉత్తరాలు వెళ్ళాయి. మీకు రాలేదా?"

"ఉత్తరాలన్నీ ఇదే చదువుతుందమ్మా. నేను దారానికి మైనం రాసుకుంటూ వింటా. ఆఫీసు భాష నాకు అరగదు. ఏమే, వచ్చిందా?"

"రాలేదు" అన్నాను. వెంటనే అన్నాను.

"ఇల్లు మారారేమో" అంది డాక్టరమ్మ.

మేం మారలేదు. ఆ మాట నేను అనలేదు.

జూన్ 21

ఉత్తరం రాలేదు. వచ్చి ఉంటే నాకు గుర్తుండేది. నేను మరిచిపోయిన కాగితం ఇంతవరకూ లేదు.

జూన్ 27, శుక్రవారం
వెనక: గ్రంథాలయం సెలవుల జాబితా

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. ఆమె జరుపుకోగానే నాకు సగం అర్థమైంది.

"పాతది తిరగబెట్టలేదు. ఇది రొమ్ము క్యాన్సరే కాదు. తిత్తి లోపలికి వెళ్ళాక దాని చుట్టూ ఒళ్ళు ఒక పొర కట్టుకుంటుంది. ఆ పొరలో పుట్టింది. లింఫోమా అంటాం. ఒంటికి కాపలా కాసే కణాలకి వచ్చే క్యాన్సర్. ఇలా తిత్తి వల్ల రావడం చాలా అరుదు."

అమ్మ అంది: "అంటే చెద పట్టింది పుస్తకానికి కాదు, అట్టకి."

"అట్టకీ పుస్తకానికీ మధ్య" అంది డాక్టరమ్మ. "అక్కడే ఆగి ఉంటే తిత్తినీ పొరనీ కలిపి తీసేస్తే చాలు. ఎక్కువమందికి అంతటితో నయమైపోతుంది."

"మరి గరుకుది ఎందుకు పెట్టారు?" నేను కొంచెం గట్టిగానే అడిగాను.

"జారిపోకుండా కండని పట్టుకుని ఉంటుందని."

"అవునమ్మా" అంది అమ్మ, ఆవిడనే ఓదారుస్తున్నట్టు. "మేమూ తోలుని గీకి గరుకు చేశాకే జిగురు పూస్తాం. నున్నగా ఉంటే పట్టదు."

అరుదు. ఈ మాట నాకెంతో ఇష్టంగా ఉండేది. అరుదైన పువ్వు, అరుదైన పుస్తకం, అరుదైన మనిషి. వేలమందిలో ఒకరిని వెతుక్కుంటూ వచ్చే మాట అని ఎప్పుడో రాసుకున్నాను కూడా. వెతుక్కుంటూ వచ్చింది.

జూన్ 30

నీలం అట్ట పుస్తకం అలమర పై అరలో ఉంది. రెండేళ్ళ కిందట నా పుట్టినరోజుకి అమ్మ ఇచ్చింది, నా మాటల పుస్తకం. నచ్చిన మాటలన్నీ అందులో రాసుకునేదాన్ని. ఇప్పుడు దాన్ని తెరవాల్సిన పనేమీ లేదు.

జూలై 1

పని లేదు.

జూలై 3
వెనక: చూడలేదు

తెరిచాను.

నలభై రెండో పేజీ. నా వైపున మిణుకు, తళుకు, బెళుకు, నిగనిగ, ధగధగ, మిలమిల. వెలుగు మాటలు ముప్పై ఒకటి, ఆకుపచ్చ సిరాతో, అక్షరాలకి తలకట్లు ముత్యాల్లా పెట్టి. వెనకవైపు ఆసుపత్రి ముద్ర, అమ్మ పేరు, మా చిరునామా.

మొదటి వాక్యం ఇది. "ఈ ఉత్తరం చూసి మీరు భయపడాల్సిన పని లేదు."

ఆ రోజు నేను చదివింది అంతవరకే. ఇప్పుడు అన్నీ గుర్తొస్తున్నాయి. కవరు చించగానే కాగితం నచ్చింది. దళసరిది. మీగడ రంగు. వెనక ఒక్క అక్షరం లేదు. సిరా పాకని కాగితాలు మా బుట్టలోకి ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. భయపడాల్సిన పని లేదని వాళ్ళే అన్నారు కదా. "ఏంటే అది?" అని వంటగదిలోంచి అమ్మ అడిగింది. "ఏం లేదమ్మా, ఆసుపత్రివాళ్ళు, ఏం భయం లేదంటున్నారు" అన్నాను. బుట్టలో కాదు, నా పుస్తకానికని విడిగా దాచుకునే కట్టలో పెట్టుకున్నాను, మంచి మాటల కోసం.

నాలుగో వాక్యం: "ఒకవైపు వాపు, నొప్పి, గడ్డ కనిపిస్తే ఆలస్యం చేయకుండా."

అక్కణ్ణుంచి ముందుకి చదవలేకపోయాను.

జూలై 11
వెనక: ఇంకో ప్రశ్నపత్రం

ఆపరేషన్ అయింది. మెలకువ రాగానే అమ్మ మొదటి మాట: "అద్దెకున్నావిడ ఖాళీ చేసిందా? పోతూ పోతూ గోడలకి మేకులేమైనా కొట్టిందా?"

కొట్టింది. చంకలో గ్రంథులకి పాకింది, ఊపిరితిత్తుల దగ్గర కూడా ఏదో ఉందన్నారు. ఇక మందులు ఎక్కించాలి. వసారాలో డాక్టరమ్మ నాతో అంది: "కిందటేడు మొదటిసారి వాచినప్పుడే వచ్చి ఉంటే..."

వాక్యం పూర్తి చేయలేదు. నేను ఇంటికొచ్చి పూర్తి చేసుకున్నాను. ఇక్కడ రాయను.

జూలై 15

చెప్పాలి.

జూలై 16

మొదటి మందు ఎక్కించారు. వాంతులు. ఇవాళ ఎలా చెప్పను?

జూలై 19

తనకి కొంచెం బలం రానీ.

ఈ పై వాక్యం అబద్ధం. నాకు కొంచెం బలం రానీ.

జూలై 24, గురువారం
వెనక: బస్సుల వేళలు, రెండో భాగం

చెప్పాను.

మధ్యాహ్నం. అమ్మ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. నీలం పుస్తకం తెచ్చి ఒళ్ళో పెట్టి, నలభై రెండో పేజీ తెరిచి, వెనక్కి తిప్పి చూపించాను. ఉత్తరం వచ్చిందమ్మా, ఒక్క వాక్యం చదివి పుస్తకంలో పెట్టుకున్నాను, కాగితం బాగుందని పెట్టుకున్నాను అన్నాను. వరుసగా చెప్పాలనుకున్నవన్నీ తలకిందులుగా వచ్చాయి.

అమ్మ ఉత్తరం వైపు చూసింది. కళ్ళజోడు లేదు. పుస్తకం మూసింది. ఒళ్ళో బోర్లించి, అలవాటుగా బొటనవేలు వీపు మీద జరిపింది. ఒకచోట ఆగింది. బయట ఎవరో సైకిలు పంపుతో గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఏమీ అనలేదు.

"ఇది నేను కుట్టిన పుస్తకమేగా" అంది.

"ఊఁ."

"కాగితం కాగితం నా చేత్తో మడిచి కుట్టానే. ఎటు అచ్చుందో, ఎటు తెలుపుందో చూడకుండా మడుస్తానా? చూశా. చదివా. చదివే కుట్టా."

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"అప్పుడు నీ పరీక్షలు. నాకు ఆసుపత్రి అంటే వణుకు. ఒకసారి పడింది చాలనుకున్నా. నువ్వు చదవకపోతేనేం, నేను చదివాను కదా. ఇందులో నీదేం లేదు."

"మొత్తం చదివావా?"

"మొత్తం."

"మరి డాక్టరమ్మ ముందు వచ్చిందా అని నన్నెందుకు అడిగావు?"

అమ్మ కళ్ళు మూసుకుంది. "పరువు కోసం. ఇంకేం అడక్కు. ఆ దుప్పటి ఇటివ్వు."

జూలై 25

నా తప్పు కాదు.

జూలై 26

నా తప్పు కాదు. నా తప్పు కాదు. ఇవాళ రెండు పూటలా కడుపునిండా తిన్నాను.

జూలై 30
వెనక: పోయిన కుక్కపిల్ల కోసం ప్రకటన

నా తప్పు కానప్పుడు ఎవరిది?

ఇవాళ మందు చుక్క చుక్కగా దిగుతుంటే అడిగేశాను. "తెలిసి ఎలా ఊరుకున్నావమ్మా? నాకింకెవరున్నారని ఊరుకున్నావు? చదివి దాచిపెట్టే హక్కు నీకెవరిచ్చారు?" పక్క మంచం ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

"తిట్టు" అంది అమ్మ. "నన్ను తిట్టుకుంటే నీకు నిద్ర పడుతుందంటే రోజూ తిట్టు."

"జోకులు వెయ్యకు."

"వెయ్యట్లేదే."



ఆగస్టు 4

అమ్మతో పొడి మాటలే. మందు వేసుకున్నావా, వేసుకున్నా. తలుపు వేశావా, వేశా. మాటలంటే ప్రాణమని చెప్పుకునే నేను రోజుకి పన్నెండు మాటలతో సరిపెడుతున్నాను. లెక్క పెట్టాను.

ఆగస్టు 19
వెనక: ఎవరిదో ఇంటి నక్షా, వంటగది చాలా చిన్నది

జుట్టు పోయింది. తాతయ్య చూడటానికి వచ్చారు. గుమ్మంలోనే ఆగిపోతే అమ్మ, "రండి బాబాయ్, నున్నగా ఉంది, జిగురు పట్టదు, భయపడకండి" అంది. ఆయన నవ్వబోయి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నారు.

నేను కూడా నవ్వాను. ఇరవై రోజుల తర్వాత. అమ్మ నేను నవ్వడం చూసింది. చూసినట్టు తెలియనివ్వకుండా చూసింది.

కోపం ఇంకా ఉంది. నవ్వు దాని పక్కనే కూర్చుంది.

సెప్టెంబరు 14, ఆదివారం
వెనక: ఉపవాచకంలో చిరిగిన పేజీ, కథ మధ్యలో

కుట్టడం నేర్పిస్తానంది. వేళ్ళు తిమ్మిరెక్కి దబ్బనం పట్టు దొరకడం లేదు తనకి. అందుకని నోటితో నేర్పింది. మధ్యలో మొదటి పోటు. పైకి, కిందికి, మళ్ళీ మధ్యకి. దారం లాగాలి గానీ కాగితం కొయ్యకూడదు.

"బిగించు. ఇంకా. చాలు! పీక పిసుకుతావేంటే పాపం దాన్ని."

"ముడి?"

"లోపల. నా కూతురివి కావూ?"

మూడు పుస్తకాలు కుట్టాను. రెండు వంకర. మూడోది తలగడ కింద పెట్టుకుంది. తను పడుకున్నాక, ఎందుకు దాచావమ్మా అని మళ్ళీ అడుగుదామని అక్కడే కూర్చున్నాను. లేచాక అడగలేదు. ఇక అడగను. కానీ క్షమించానని కూడా రాయలేను. డైరీలో అయినా.

అక్టోబరు 8

మందులు పనిచేయడం లేదట. వేరే మందు.

అక్టోబరు 21
వెనక: బస్సుల వేళలు. ఈ బస్సులు ఎంతకీ అయిపోవు

జ్వరం. మళ్ళీ వార్డు. ఒంట్లో తెల్ల కణాలు అడుగంటాయి, చిన్న సూక్ష్మజీవి చాలు అన్నారు. నేను మూతికి గుడ్డ కట్టుకుని కూర్చుంటున్నాను.

"ఏదైనా చదువు" అంది.

"ఏం చదవను?"

"ఏదో ఒకటి. నువ్వు చదువుతుంటే వింటూ పని చేసుకోవడం అలవాటు కదా."

మందు పెట్టె మీద ఉన్నదంతా చదివాను. చల్లని చోట ఉంచాలి, పిల్లలకి అందనివ్వకూడదు. అమ్మ చూపుడువేలూ బొటనవేలూ దుప్పటి మీద కదులుతూనే ఉన్నాయి, దారానికి మైనం రాస్తున్నట్టు.

నవంబరు 2
వెనక: ఏమీ లేదు. రెండువైపులా తెల్లకాగితం. బుట్టలోకి ఎలా వచ్చిందో

అమ్మ పోయింది.

నవంబరు 9

రాయడానికి కూర్చున్నాను.

నవంబరు 17

బుట్ట నిండింది. ఎక్కడికి మోసుకెళ్ళాలో తెలియక అలాగే ఉంచాను.

డిసెంబరు 4, గురువారం
వెనక: చరిత్ర ప్రశ్నపత్రం

తాతయ్య కబురు పంపారు. అమ్మ బల్ల మీద సామాన్లు తీసుకెళ్ళమని. వెళ్తూ నీలం పుస్తకం కూడా తీసుకెళ్ళాను. ఆ పేజీని షాపు కత్తితో శుభ్రంగా కోసి తీసేయాలని. అది అందులో ఉన్నంతకాలం అమ్మని తలుచుకున్నప్పుడల్లా ముందు ఆ కోపమే వస్తోంది. చదివి కూడా కుట్టేసింది కదా అని.

బల్ల మీద దబ్బనం, మడతలు నొక్కే ఎముక పలక, మైనం ముద్ద. ముద్ద నిండా దారం కోసిన గాట్లు. 

"తాతయ్యా, కత్తి ఓసారి ఇవ్వరూ."

ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. "దీన్ని కోస్తావా? బంగారంలాంటి కుట్టు. నేను కుట్టిందే ఇది."

"కాదు తాతయ్యా. అమ్మ కుట్టింది. పుట్టినరోజుకి ఇచ్చింది."

"ఇచ్చింది తను. కుట్టింది నేను. అప్పుడు మీ అమ్మకి ఊపిరాడని పని. నువ్వు పెట్టి వెళ్ళిన కట్ట బల్ల మీద వారం పడుంది. పిల్ల పుట్టినరోజు దాటిపోతోందని నేనే ఓ మధ్యాహ్నం కూర్చుని కుట్టి, అట్ట వేసి, చేతిలో పెట్టా. తెరిచి కూడా చూడలేదు. వీపు తడిమి, 'మళ్ళీ బయటే వేశారా బాబాయ్' అని నవ్వింది. నమ్మకం లేదూ? ఏదీ, వేలివ్వు."

నా బొటనవేలు పట్టుకుని పుస్తకం వీపు మీద పెట్టారు. గుడ్డ కింద ఆవగింజంత ముడి ఉంది. గట్టిగా.

"నువ్వు పెట్టి వెళ్ళిన కట్టలో ఏముందో నేనూ చూడలేదమ్మా. వయసైపోయింది, తెలుపు ఎటుందో చూసుకుని మడవడమే. ఏం, ఏమైనా ముఖ్యమైంది పోయిందా?"

లేదన్నాను.

సంచిలోంచి ఈ డైరీ తీసి జూలై 24న రాసుకున్నది చూశాను. "బొటనవేలు వీపు మీద జరిపింది. ఒకచోట ఆగింది." నేనే రాశాను. కళ్ళజోడు లేదని కూడా రాశాను. సైకిలు పంపు సంగతి కూడా రాశాను. మాస్టారు చెప్పినట్టు చూసింది చూసినట్టు రాసి, దాన్నీ చదవలేదు.

పంపు చప్పుడు ఎంతసేపు వినిపించి ఉంటుంది? ఒక నిమిషం? ఆ నిమిషంలో ఈ పుస్తకం తను కుట్టింది కాదని అమ్మకి గుర్తొచ్చింది, ఆ ఉత్తరాన్ని తనెన్నడూ చూడలేదని తెలిసింది, ముందే చూసి ఉంటే ఏమయ్యేదో తెలిసింది. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. చప్పుడు ఆగేలోపల అన్నీ మడిచి కుట్టేసింది. తర్వాత మూడు నెలలు నా పొడి మాటలు తిన్నది.

"కత్తి కావాలన్నావుగా?" అన్నారు తాతయ్య.

"వద్దు."

అమ్మ స్టూలు మీద కూర్చున్నాను. నలభై రెండో పేజీ తెరిచి వెనక్కి తిప్పాను. మా ఇంట్లో ఉత్తరాలు చదివేది నేను. పైకి చదవడం మొదలుపెట్టాను. ముందు ఆసుపత్రి పేరు, తేదీ. అమ్మ పేరు, మా చిరునామా. ఈ ఉత్తరం చూసి మీరు భయపడాల్సిన పని లేదు. రెండో వాక్యం. మూడోది. ఆలస్యం చేయకుండా అన్నచోట ఆగి, గొంతు సవరించుకుని, అక్కణ్ణుంచి ముందుకి వెళ్ళాను. తాతయ్య జిగురు కుంచె గిన్నెలో వదిలేసి నిలబడిపోయారు. నేను ఒక్క మాట కూడా వదలలేదు. చివర్న సంతకం చేసిన అధికారి హోదాతో సహా, అమ్మకి అర్థమయ్యేంత నెమ్మదిగా, మొత్తం చదివాను.